తుమ్ముకి గట్టిమేళం

మా ఇంట్లో నోరున్నదాన్ని నేనే. తమ్ముడు సన్నాయి ఊదుతాడు, బాబాయి డోలు వాయిస్తాడు, వాళ్ళిద్దరి తరఫునా పోట్లాడటం నా వంతు. పెళ్ళి అయిపోయాక మాట మార్చేవాళ్ళతోనూ, మేళం వాళ్ళకి చివరి పంక్తిలో కూడా విస్తరి వెయ్యనివాళ్ళతోనూ నేనే మాట్లాడాలి. ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి, చివరికి యూరప్‌తో పోట్లాడే పని కూడా నా నెత్తినే పడింది.

మాది మార్టూరుకి దగ్గర్లో ఒక పల్లె. మేము దూదేకులవాళ్ళం. రంజాన్‌కి ఉపవాసాలుంటాం, తెల్లారకముందే గుళ్ళో స్వామివారి మేలుకొలుపుకి సన్నాయి ఊదుతాం. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎట్లా కుదురుతాయని బయటివాళ్ళు అడుగుతారు గానీ మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తమ్ముడికి నాన్న నేర్పాడు, నాన్నకి తాత నేర్పాడు. నాకు నేర్పలేదు, అడిగితే ఆడపిల్లకి దమ్ము చాలదన్నారు. ఆ దమ్మంతా నోట్లో పెట్టుకుని తిరుగుతోందని బాబాయి ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

నాన్న పోయిన కొన్నాళ్ళకే గుడివాళ్ళు హారతికి కరెంటు యంత్రం బిగించారు. స్విచ్ వేస్తే డోలూ గంటా వాటంతటవే మోగుతాయి. "మిమ్మల్ని మానెయ్యమనట్లేదు కదయ్యా, ఉత్సవాలకి కబురు పెడతాం" అన్నారు. పెళ్ళిళ్ళలో డీజే వచ్చి కూర్చుంది. తాళి కట్టే వేళకి మాత్రం డీజే ఆపి మావాళ్ళనే ముందుకి పిలుస్తారు. అప్పుడు గట్టిమేళం కావాలి మరి.

గట్టిమేళం సంగతి కాస్త చెప్పాలి. తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, నోరు జారి అనరాని మాట అన్నా అది పెళ్ళికొడుకు చెవిన పడకూడదు. పంతులుగారు చెయ్యెత్తి వేలు ఆడించగానే, ఉన్న బలమంతా పెట్టి డోలూ సన్నాయీ తాళాలూ ఒక్కసారే మోగించాలి. బాబాయికి ఇది వయసుతో పాటు ఒంట్లోకి ఇంకిపోయింది. పంతులుగారు చెయ్యెత్తకముందే పందిట్లో ఎవరి ముక్కు పుటాలు అదురుతున్నాయో కనిపెట్టేస్తాడు. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఎడమ చేత్తో కంచం పక్కన నేలమీద టపటపా దరువు వేస్తాడు. మిరపకాయలు కళ్ళాల్లో ఆరే రోజుల్లో ఊరంతా తుమ్ములే కాబట్టి, మా ఇంట్లో భోజనం కచేరీలా ఉంటుంది.

యూరప్ నుంచి ఒకావిడ మా ఊరు మొదటిసారి వచ్చింది అలాంటి మిరపకాయల రోజుల్లోనే. ముక్కూ కళ్ళూ కారిపోతున్నా గుళ్ళో స్తంభం పక్కన కూర్చుని తమ్ముడు వాయించినంతసేపూ కదల్లేదు. వాళ్ళది సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్నం. వాళ్ళకీ మన సన్నాయిలాంటి వాయిద్యం ఒకటుంది, అదీ నోటి దగ్గర రెల్లు పీక పెట్టి ఊదేదే, అదీ పెళ్ళిళ్ళలో వాయించేదే, అదీ కొడిగట్టినదే. ఆ పట్నంలో ఆవిడ ఒక సంగీతశాల నడిపేది. అక్కడి దేశాలన్నీ కలిసి కళల కోసం పెట్టుకున్న ఉమ్మడి నిధి ఒకటి ఉందట. దాంట్లోంచి, పీక పెట్టి ఊదే పాత వాయిద్యాల కోసమని ఒక పథకం సంపాదించింది. ఆ పథకంలో మా తమ్ముడు చేరాడు.

నాకు మొదట నమ్మకం కుదరలేదు. ఎక్కడో చలిదేశంలో జనం కట్టిన పన్నులు తెచ్చి మా ఊళ్ళో సన్నాయికి ఎందుకిస్తారు? కళ్ళం గట్టు మీద నడుస్తూ ఆవిడనే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. వాళ్ళ దగ్గర పాటా నాటకమూ కూడా రోడ్డూ మంచినీళ్ళలాగా ప్రభుత్వం చూసుకోవాల్సినవేనని చాలాకాలంగా ఒక ఒప్పుదల ఉందట. అయితే మంత్రి తనకి నచ్చినవాడికి పంచిపెట్టకుండా మధ్యలో వేరే మండలి ఉంటుంది. అది వింటుంది, ప్రశ్నలు వేస్తుంది, తేలుస్తుంది. నిధి సగం పెడితే మిగతాది ఆవిడ పట్నం వాళ్ళే వెయ్యాలి. కొన్నేళ్ళకోసారి ఏది ముఖ్యమో కొత్తగా రాసుకుంటారు. "అంటే మన దగ్గర ప్రభుత్వం మారితే పథకం పేరు మారినట్టు" అన్నాను. ఆవిడ నవ్వి, దాదాపు అంతేనంది.

మన దగ్గర ఏముంది చెప్పండి. వేదిక మీద శాలువా కప్పి, ఫోటో తీసి, బస్సుకి ఎట్లా వెళ్తారో కూడా అడక్కుండా పంపించేస్తారు. మా ఇంట్లో శాలువాలు బీరువాలో పట్టక బాబాయి డోలుకి చుడతాడు. ఆ పథకం వచ్చాక మాత్రం తమ్ముడికి నెలనెలా ఇంత అని ముట్టేది. దానికి బదులు ఇంటి వెనక రేకుల షెడ్డులో పిల్లలకి నేర్పాలి, రోజూ సాధన చెయ్యాలి. ఒకసారి వాళ్ళ పట్నానికీ వెళ్ళొచ్చాడు. చలికి పీక మొరాయించిందనీ, రాతి చర్చిలో ఊదితే స్వరం పైకెళ్ళి తిరిగి మీదకొచ్చిందనీ వచ్చిన దగ్గర్నుంచీ చెప్పిందే చెప్పాడు. ఆ రోజుల్లో వాడి వాయింపు విన్నవాళ్ళు అదృష్టవంతులు. నాన్న కన్నా బాగా ఊదేవాడు. ఈ మాట బాబాయి నా దగ్గర మెల్లగా ఒప్పుకున్నాడు.

తర్వాత అక్కడ ఎన్నికలొచ్చాయి. కొత్తగా గెలిచినవాళ్ళు ఆవిడ పట్నంలో ముందుగా కత్తెర వేసింది సంగీతశాలకే. ఉమ్మడి నిధివాళ్ళు కూడా ముఖ్యమైనవి మళ్ళీ రాసుకున్నారు. కళ తన కాళ్ళమీద తాను నిలబడాలి, పరిశ్రమ కావాలి, డిజిటల్ కావాలి. ఆవిడ ఫోన్‌లో ఈ మాటలు ఒక్కొక్కటే చెబుతుంటే నేను బాబాయికి తెలుగులో చెప్పాను.

"అయితే వాళ్ళకీ కరెంటు యంత్రం బిగించారన్నమాట" అన్నాడు బాబాయి.

ఆ నెలలోనే తమ్ముడి బావమరిది మార్టూరు గ్రానైట్ యూనిట్‌లో వాడికి పని చూశాడు. రాళ్ళ అంచులు కోసే దగ్గర. నెలాఖరు దాకా ఆ చోటు ఆపిస్తానన్నాడు, పథకం కొనసాగకపోతే వెళ్ళి చేరాలి. మరదలు గొడవేమీ పెట్టలేదు. "పిల్లల ఫీజులకి సన్నాయి తీసుకెళ్ళి కౌంటర్లో ఊదలేం కదండీ వదినా" అంది, అంతే. ఆ మాటలో తప్పేముంది. కానీ ఆ యూనిట్ ముందునుంచి నేను రోజూ స్కూలుకి వెళ్తాను. అక్కడ పనిచేసేవాళ్ళ కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి. మా వీధిలోనే ఇద్దరు అక్కడ పనిచేసి మానేశారు. వాళ్ళ దగ్గు మా ఇంటిదాకా వినిపిస్తుంది. తమ్ముడికి ఉన్న ఆస్తల్లా ఊపిరితిత్తులే. అవి ఆ పొడిలో పెడితే మళ్ళీ సన్నాయికి రావు. ఇది వాడికీ తెలుసు, మరదలికీ తెలుసు, అందుకే ఇంట్లో ఎవరూ ఆ ఊసు పైకి ఎత్తేవాళ్ళు కాదు.

పథకం కొనసాగాలో వద్దో మండలివాళ్ళు తేల్చే ముందు మమ్మల్ని కంప్యూటర్‌లో నేరుగా చూస్తామన్నారు. వాళ్ళకి పొద్దున, మనకి మధ్యాహ్నం. కాసేపు వాయించాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి, చివర్లో నిర్ణయం అక్కడికక్కడే చెబుతారు.

రేకుల షెడ్డులోనే పెట్టాం. పక్క కళ్ళంలో మిరపకాయలు టిక్కీ బస్తాల్లోకి తొక్కుతున్నారు. ఆ రోజుకి ఆపమని వెళ్ళి అడిగాను, లారీ వచ్చి నిలబడిందమ్మా అన్నారు. తలుపూ కిటికీలూ మూసి సందుల్లో పాత చీరలు కుక్కాను. లోపల ఉడికిపోతున్నాం. తమ్ముడు తెల్లచొక్కా వేసుకుని గోడ వైపు తిరిగి పీక తడుపుకుంటున్నాడు. నేర్చుకునే పిల్లలు తాళాలు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పొద్దుట్నుంచీ ఉన్న కంగారంతా బాబాయి మీద చూపించాను. "నేను చెప్పేదాకా డోలు మీద వేలు కూడా పెట్టొద్దు" అన్నాను. "సరేనమ్మా, టీచరమ్మా" అన్నాడు.

తెరమీద మొహాలొచ్చాయి. ఒక మూల గడిలో ఆవిడ కూడా ఉంది, పలకరింపుగా తల ఊపింది. పెద్దాయన ఒకాయన అధ్యక్షుడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. తమ్ముడు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. కల్యాణి రాగం. అంత బాగా ఊదుతుంటే తెరమీద మొహాల్లో ఏ కదలికా లేదు. ఒకావిడ చెవిలో పెట్టుకున్నది తీసి చూసుకుంది.  అప్పుడు సంగీతశాల ఆవిడే కల్పించుకుని ఆపమంది. వాళ్ళకి ఏమీ వినపడట్లేదట. మాట్లాడితే వినిపిస్తోంది, ఊదితే వినిపించట్లేదు.

ఆ కంప్యూటర్, మనిషి మాటని మాత్రం ఉంచి మిగతాదంతా రొద అని తుడిచేస్తుందని అప్పుడు తెలిసింది. సన్నాయి దానికి రొద! వాళ్ళు చూసిందల్లా ఒక మనిషి బుగ్గలు ఉబ్బించి కళ్ళు మూసుకుని ఊగడం.  ఆవిడ చెబుతుంటే ఎక్కడెక్కడో నొక్కి ఆ తుడిచేసేదాన్ని ఆపేశాను. తమ్ముడు పీక మార్చుకుని, మళ్ళీ మొదట్నుంచీ ఊదాడు. ఈసారి మొహాలు కదిలాయి. చెవిలోది తీసినావిడ మెల్లగా కుర్చీలో వెనక్కి వాలింది. అధ్యక్షుడు రాసుకుంటున్నవాడల్లా కలం పక్కన పెట్టాడు. ఇక ఫరవాలేదు, ఇచ్చేస్తారు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

ప్రశ్నలు వేశారు. ఎంతమంది నేర్చుకుంటున్నారు, ఆడపిల్లలున్నారా, దీంట్లోంచి ఆదాయం ఎలా వస్తుంది. ఆదాయం దగ్గర నేను కాస్త తడబడ్డాను. తర్వాత కాసేపు మాకు వినపడకుండా గొంతులు మూసుకుని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మేం తెరమీద పెదాలు చూస్తూ కూర్చున్నాం. బయట టిక్కీలు తొక్కేవాళ్ళ కేకలు. సందుల్లోంచి ఘాటు లోపలికొస్తోంది. ఒక పిల్లాడు ముక్కు గట్టిగా నొక్కుకున్నాడు.

అధ్యక్షుడు మళ్ళీ గొంతు తెరిచి, మేము ఒక నిర్ణయానికి వచ్చాం అన్నాడు. నేను వెనక్కి తిరిగి "చెబుతున్నారు" అన్నాను మెల్లగా. సరిగ్గా అప్పుడు తమ్ముడు తుమ్మాడు.

బాబాయికి అది నిర్ణయం కాదు, ముహూర్తం. ముహూర్తానికి తుమ్ము. చేతులు వాటంతటవే లేచాయి. రేకుల షెడ్డు అదిరిపోయేట్టు గట్టిమేళం మొదలైంది. పిల్లలకి నేర్పింది కూడా ఆయనే కదా, డోలు వినగానే తాళాలు కలిపేశారు. తుడిచేసేదాన్ని నేనే ఆపేశానాయె, మొత్తం మోత ఉన్నదున్నట్టు యూరప్‌లో వెళ్ళి పడింది. తెరమీద మనుషులు చెవుల్లోవి లాగి పారేశారు. అధ్యక్షుడి పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఏమంటున్నాడో దేవుడికెరుక. నేను వెళ్ళి బాబాయి రెండు చేతులూ పట్టుకున్నాను. ఆయన నా వంక చూసిన చూపు, నిద్రలోంచి లేపితే చూసినట్టుంది. "తుమ్మాడమ్మా" అన్నాడు.

సంగీతశాల ఆవిడ వాళ్ళకి ఆ ఆచారం వివరించింది. చెడు శబ్దం పెళ్ళికొడుకు చెవిన పడకుండా వాయిస్తారని. ఒకరిద్దరు నవ్వారు, మంచి నవ్వే. అధ్యక్షుడు కూడా నవ్వి, ఇలాంటి ఆచారాలు పోకుండా చూడాల్సిందేనంటూ నిర్ణయం మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. మా తమ్ముడి వాయింపు చాలా విలువైనది. అది పోకముందే మంచి పరికరాలతో రికార్డు చేసి ఎప్పటికీ ఉండేట్టు భద్రపరచడానికి నిధి ఇస్తున్నారు. నెలనెలా ఇచ్చేది మాత్రం కొత్త నియమాల ప్రకారం ఆగిపోతుంది. కళాకారుల జీతభత్యాలు వాళ్ళ పరిధిలోకి రావు.

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఇక ఆగలేదు. వాడికి రాళ్ళ యూనిట్‌లో పని ఖాయమైందనీ, ఆ పొడిలోకి వెళ్తే వాడికి ఈ ఊపిరి ఉండదనీ చెప్పాను. "ఊపిరిని పెట్టెలో పెట్టి దాచుకుంటారు, ఊదేవాణ్ణి వదిలేస్తారా, ఇదెక్కడి న్యాయమండీ" అని ఇంగ్లీషులో ఎంత చేతనైతే అంత అడిగాను. చివర్లో తెలుగు కూడా వచ్చేసింది. అధ్యక్షుడు ఓపిగ్గా విన్నాడు. నా బాధ అర్థమైందనీ, దాన్ని నమోదు చేస్తామనీ అన్నాడు. మూల గడిలో ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"చాల్లే అక్కా" అన్నాడు తమ్ముడు. "పాపం, వాళ్ళ చేతుల్లో ఏముంది."

బాబాయి ఇంతవరకూ ఒప్పుకోడు, మొదటిసారి చదివింది వేరే నిర్ణయమంటాడు. తను అడ్డం కొట్టకపోతే మంచి మాటే వినపడి ఉండేదని ఆయన దిగులు. రెండుసార్లూ అదే కాగితం చదివారు బాబాయ్ అని ఎంత చెప్పినా వినడు.

రికార్డు చేసేవాళ్ళు వచ్చారు. మంచి పిల్లలు, శ్రద్ధగా పని చేశారు. రేకులు చప్పుడు చెయ్యకుండా పైన బొంతలు పరిచి, షెడ్డు నిండా మైకులు పెట్టారు. వాళ్ళు బాగుందన్నా తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ వాడే అడిగి మళ్ళీ ఊదాడు. నాన్న నేర్పినవన్నీ, ఒక్కటీ మిగల్చకుండా. గడపలో నిలబడి వింటున్న మరదలు మధ్యలోనే లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళిన సోమవారం తమ్ముడు అన్నం క్యారేజీ తీసుకుని మార్టూరు వెళ్ళాడు.

ఆ రికార్డు ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. ఆవిడే లింకు పంపింది. సంగీతశాల మూసేశారనీ, వేరే ఊళ్ళో హోటల్లో పని చూసుకున్నాననీ కూడా రాసింది. నేను ఒకే ఒక్కసారి పెట్టుకుని విన్నాను. స్వరం స్వరానికీ మధ్య తమ్ముడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది, అంత శుభ్రంగా తీశారు. మళ్ళీ వినే ధైర్యం నాకు లేదు.

మరుసటి మాఘమాసంలో మా ఊళ్ళోనే ఒక పెళ్ళి. యూనిట్‌లో సెలవు పెట్టి తమ్ముడు వచ్చాడు. నేను ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్నాను. డీజే ఆపారు. పంతులుగారు మంగళసూత్రం పళ్ళెం అందరికీ చూపించి, మంత్రం అందుకున్నారు. గట్టిమేళానికి ముందు సన్నాయి ఒక్క స్వరం మీద నిలబడి ఉండాలి, పంతులుగారు చెయ్యెత్తేదాకా. నాన్నయితే అట్లా నిలబెట్టి పందిట్లో అందరి మీదా ఒకసారి చూపు తిప్పి వచ్చేవాడు. పోయినేడు తమ్ముడూ అంతే.

ఈసారి స్వరం సన్నగా వణికింది. వాడి మెడ నరాలు పైకి లేచాయి. భుజాలు ఒక్కసారి అదిరాయి. అది దగ్గని నాకు తెలిసింది, లోపల్నుంచి పైకొస్తోంది, వాడు దాన్ని పళ్ళ బిగువున ఆపుతున్నాడు. పంతులుగారు ఇంకా మంత్రంలోనే ఉన్నారు. బాబాయి పంతులుగారి వైపు చూడట్లేదు, తమ్ముడి వైపే చూస్తున్నాడు.

చెయ్యి లేవకుండానే గట్టిమేళం మోగింది.

పంతులుగారు ఉలిక్కిపడ్డారు. పెళ్ళికొడుకు కంగారుపడి చేతికందిన సూత్రం గబగబా కట్టేశాడు, అక్షింతలు పడ్డాయి. ఆ మోతలో, పిల్లల తాళాల వెనక, తమ్ముడు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని రెండుగా వంగిపోయి దగ్గుతున్నాడు. పందిట్లో ఒక్కరికీ వినపడలేదు. బాబాయి వాడు తేరుకుని లేచి కూర్చునేదాకా కొడుతూనే ఉన్నాడు.

తర్వాత పంతులుగారు విసుక్కున్నారు. "ఏమయ్యా, ఇన్నేళ్ళ నుంచీ వాయిస్తున్నావు, నేను చెయ్యెత్తకుండా ఏమిటిది?"

"ఎవరో తుమ్మినట్టుంటేనండీ" అన్నాడు బాబాయి, డోలుకి శాలువా చుట్టుకుంటూ.

నేను ముందు వరసలోనే ఉన్నాను. అక్కడ ఎవరూ తుమ్మలేదు.